హద్దు దాటిన బెండు

పినాకినీపురం
జులై 14

చిరంజీవి వనజాక్షికి,

పెద్దమ్మ దీవెనలు. నిన్న చెరువుగట్టు మీద నువ్వు నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నావు. అందరి ముందూ ఏమీ అనలేకపోయాను. ఫోన్ చేద్దామంటే మీ పాలెంలో సిగ్నల్ కోసం ఇసుకదిబ్బ ఎక్కాలి, ఎక్కినా సగం మాటలు గాలికే పోతాయి. వాట్సాప్‌లో రాద్దామంటే నగరపాలక సంస్థలో నా ఫోన్ నాకంటే ఎక్కువగా మా అటెండరే చూస్తాడు. అందుకే మీ అమ్మా నేనూ అయిదో తరగతి దాకా ఒకే పలక మీద రాసుకున్నట్టు, ఇప్పుడు నీకు కాగితం మీద రాస్తున్నాను.

నిన్నటి సభ తలుచుకుంటే ఇంకా నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. ‘సాంకేతిక నిలయం తొలి ఫలం’ అని ఎంత బ్యానరు కట్టారో! అలలు కొలిచే నీ పసుపు పీపాను, మీవాళ్ళు బెండు అని పిలుచుకునే దాన్ని, దండ వేసి చెరువులో దింపారు. కమిషనర్ గారు తెర మీద అల ఎత్తు చూసి, “సున్నా చూపిస్తోందేమ్మా, పని చేయడం లేదా?” అన్నారు. నువ్వు చాలా మర్యాదగా, “చెరువులో అల లేదు సార్” అన్నావు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. సభ అయిపోయాక ఒక కొంగ వచ్చి దాని మీద హాయిగా కూర్చుంది.

సాయంత్రం నీ ఫైలు మళ్ళీ మొదటి నుంచీ చదివాను. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవలు బోల్తా పడుతున్నాయని, బెండును అక్కడ పెడితే అలల రాక ముందే తెలుస్తుందని నువ్వు వివరంగానే రాశావు. కౌన్సిల్ వాళ్ళూ శ్రద్ధగానే చదివారు. కానీ నగరం హద్దు ఉప్పుకాలువ వంతెన దగ్గర ఆగిపోతుంది. మన సొమ్ముతో చేయించిన వస్తువు ఆ వంతెన దాటకూడదు. ఇంకో నాలుగు కొనమన్నావు. మూడేళ్ళ అనుభవం ఉన్న కంపెనీ దగ్గరే కొనాలని రూలు. నీ కంపెనీ వయసు పద్నాలుగు నెలలు. నిలయంలో గది ఇవ్వగలం, కరెంటు ఇవ్వగలం, బోర్డు పెట్టగలం, శాలువా కప్పగలం. అంతకు మించి మా చేతులు పోవు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని నువ్వు అనుకుంటే నేను కాదనలేను.

ఒకటి మాత్రం నిజం, ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. మూడేళ్ళు ఆగితే టెండర్లో నిలబడతావు కదా, అంత తొందరేమిటి? నిజం రాయి.

నీ పెద్దమ్మ
అబిగయీలు


ఉప్పుదిబ్బపాలెం
ఆగస్టు 2

పెద్దమ్మకు నమస్కారాలు.

తొందరెందుకని అడిగావు. నాన్న పోయిన సంగతి నీకు తెలుసు, ఎలా పోయాడో అమ్మ ఎప్పుడూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. పదకొండేళ్ళ కిందట కార్తీకంలో, ఎండ కాస్తున్న మధ్యాహ్నం. గాలి లేదు. సముద్రం ఎంత మెత్తగా ఉందంటే గట్టు మీద ఆడవాళ్ళు గంపలు పక్కన పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నాన్న పడవ మొగలోకి వచ్చింది. నిండా చేప ఉంది. అమ్మకు నాన్న తలగుడ్డ రంగు కూడా కనిపించింది. అప్పుడు వెనక నుంచి మూడు అలలు లేచాయి. ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల ఎప్పుడో వీచిన గాలికి పుట్టిన అలలవి. నడిసముద్రంలో ఉన్నంతసేపూ అవి ఎవరికీ కనపడవు. మొగలో ఇసుక తగలగానే నిలువునా లేస్తాయి.

ఇప్పుడు తమ్ముడు చిన్నా అదే మొగలోంచి వెళ్ళొస్తున్నాడు. పదకొండు పడవలు, నలభై నాలుగు మంది. స్వాతికార్తె వానలు మొదలైతే ఏటినీళ్ళ తోపుకు ఇసుక రోజుకో చోట మేట వేస్తుంది. మూడేళ్ళు ఆగమంటున్నావు. మూడు కార్తీకాలు ఆగాలి, పెద్దమ్మా.

చెన్నై కంపెనీ వాళ్ళు మళ్ళీ పిలిచారు. నా బెండు నమూనా కొంటారట. పెద్ద ఓడరేవులకు వాడతారట. వాళ్ళ పటం తెరిచి వెతికాను, అందులో మా మొగ లేదు. నిలయంలో మాతోపాటు చేరిన మూడు కంపెనీల్లో రెండు ఇప్పటికే బెంగళూరు వెళ్ళిపోయాయి. వాళ్ళను తప్పు పట్టను. వాళ్ళ పనికి సముద్రం అక్కర్లేదు.

మా పాలెం పెద్దకాపు కామాక్షయ్య తాతకు బెండు సంగతి చెప్పాను. ఆయన తెడ్డును నీళ్ళలోకి దింపి, పిడికి చెవి ఆనించి సముద్రం మోత వింటాడు. ఆయన వినిపించిందంటే ఉన్నట్టే. “ఏంది మే, సముద్రానికి జొరం చూస్తావా?” అని నవ్వినాడు. తర్వాత మెల్లగా, “పెట్టు మే, పెట్టు. నా చెవి ముసిలిదై పోయినాది. మీ నాయన పోయిన పొద్దు నాకేం ఇనపళ్ళా” అన్నాడు. పదకొండేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.

పెద్దమ్మా, చెరువులో కొంగలు కూర్చుంటున్న ఆ బెండును ఈ ఒక్క వానల కాలానికి నాకు ఇప్పించగలవా?

వనజ


పినాకినీపురం
సెప్టెంబరు 10

చిరంజీవి వనజకు,

ఇప్పించాను. గేట్ పాస్ మీద ‘మరమ్మతు నిమిత్తం బయటకు’ అని రాసి సంతకం చేశాను. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నా చేత్తో రాసిన తొలి అబద్ధం మూడు ముక్కలే. రాశాక చెయ్యి కడుక్కున్నాను, ఎందుకో తెలియదు. ఆదివారం ఆరాధనలో కూడా మనసు అక్కడే ఉంది.

నీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. నవంబరు ముప్పై నా రిటైర్మెంటు. ఆ రోజుకు నా పేరున ఉన్న ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టరు ప్రకారం చూపించి అప్పగించాలి. ఒక్కటి తగ్గినా పెన్షన్ ఆగుతుంది. మా అమ్మాయి నవోమికి చెప్పలేదు. చెబితే, “నీకెందుకమ్మా ఈ వయసులో” అంటుంది. కాబట్టి నవంబరు ముప్పైకి బెండు చెరువులో ఉండాలి. మాట ఇచ్చినట్టే అనుకుంటున్నాను.

తెర నిలయంలోనే ఉంచు. ఆకాశం నుంచి కబురందుకునే గొడుగు అక్కడే, మార్కెట్ మేడ మీద బిగించి ఉంది కదా. అంకెలు పెరగగానే పడవలవాళ్ళకు దానంతటదే మెసేజీ పోయే ఏర్పాటు ఏదైనా చేద్దామని మన కంప్యూటర్ విభాగంలో అడిగాను. మన మెసేజీలు ఇంటిపన్ను కట్టేవాళ్ళకు మాత్రమే పోతాయట! మీ పాలెం మొత్తం మీద మనకు ఇంటిపన్ను కట్టేవాడు ఒక్కడూ లేడు. అందుకే ఆ పని నేనే చేస్తాను. రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని నిలయంలో తెర ముందు కూర్చుంటాను. ఏ అంకె చూస్తే భయపడాలో రాసి పంపు. లెక్కలంటే నాకు భయం లేదు.

అబిగయీలు


ఉప్పుదిబ్బపాలెం
అక్టోబరు 5

పెద్దమ్మకు,

బెండును మొగలో దింపి ఎనిమిది రోజులైంది. నేను మోటారు, లంగరు, తాడు అని హైరానా పడుతుంటే అమ్మ నిదానంగా వచ్చి దానికి పసుపుగుడ్డ కట్టింది, వేపకొమ్మ గుచ్చింది, గుమ్మడికాయ దిష్టి తీసి నీళ్ళలో వదిలింది. “అమ్మా, ఇది యంత్రం” అన్నాను. “యంత్రమైతే ఏం మే, నీళ్ళలో దిగతా ఉండ్లా?” అంది. పదకొండేళ్ళుగా మొగ వైపు తిరిగి చూడని మనిషి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి దాన్ని తనే ముందుకు తోసింది.

తెర మీద రెండే రెండు అంకెలు చూడు. ఒకటి అల ఎత్తు. రెండోది ఎడం, అంటే ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య ఎన్ని సెకన్లో. ఎత్తును చూసి మోసపోకు. దూరం నుంచి వచ్చే పెద్ద అలలు తమ కంటే ముందు చిన్న అలలను పంపిస్తాయి. అవి జానెడు ఎత్తు కూడా ఉండవు, కానీ ఎడం చాలా ఎక్కువ. మామూలు రోజుల్లో ఆరో ఏడో ఉంటుంది. పదిహేను దాటితే వెంటనే ఫోన్ చెయ్యి. రోజూ ఒంటిగంటకు నేను దిబ్బ మీద నిలబడి ఉంటాను.

ఈ రెండు మూడు రోజులు తెర మీద ఏమీ కనపడకపోవచ్చు. బ్యాటరీ సర్దుకుంటోంది. కంగారు పడకు.

వనజ


పినాకినీపురం
అక్టోబరు 16

వనజా,

బ్యాటరీ సర్దుకుంటోందని రాశావు. నాలుగు రోజులు తెర నల్లగా ఉంది. అయిదో రోజు పెరుగన్నం కలుపుకుంటుండగా టక్కున వెలిగింది. అంకెలు వచ్చాయి. నాకు అన్నం ముద్ద నోటి దాకా పోలేదు.

ఏమని చెప్పను! అల వచ్చి పోయిన ప్రతిసారీ తెర మీద గీత లేచి దిగుతోంది. ఎడం తొమ్మిది. మళ్ళీ తొమ్మిది. కింద మార్కెట్లో టమాటాలవాళ్ళు అరుస్తున్నారు, ఆటోలు హారన్లు కొడుతున్నాయి, నాకేమీ వినపడలేదు. ఎవరూ లేని ఆ నీళ్ళలో ఇప్పుడే లేచిన అల ఇక్కడ, కూరగాయల మార్కెట్ మేడ మీద, నా ముందు లేస్తోంది. నా ఊపిరి కూడా దాంతోపాటే లేచి దిగిందని కాసేపటికి గమనించాను. అరవై ఏళ్ళు సముద్రానికి ఇరవై మైళ్ళలో బతికాను కానీ అది ఊపిరి తీస్తుందని నాకు తెలియదు. వచ్చిన ఏడుపు ఎందుకో నాకే అర్థం కాలేదు. దేవుడికి వందనాలు చెప్పుకున్నాను.

తర్వాత కళ్ళు తుడుచుకుని కింద ఉన్న మరో రెండు అంకెలు చూశాను. నువ్వు చూడమని చెప్పనివి. అవి బెండు ఉన్న చోటును చెప్పే అంకెలని గోడ మీది పటం చూసి కనుక్కున్నాను. స్కేలు పెట్టి కొలిచాను, మూడుసార్లు. అది మీ మొగలో లేదు. ఒడ్డుకు పన్నెండు కిలోమీటర్ల అవతల ఉంది. నువ్వు నాకు అబద్ధం రాశావు వనజా. నీ కోసం నేను రిజిస్టర్లో అబద్ధం రాస్తే, నువ్వు నాకే రాశావు. కోపంగా ఉంది. ఏం జరిగిందో రాయి. ఈ వారం రోజుల అంకెలు వెనక పేజీలో వరుసగా రాశాను, నీకు పనికొస్తాయేమో.

అబిగయీలు


ఉప్పుదిబ్బపాలెం
అక్టోబరు 21

పెద్దమ్మా,

క్షమించు. బెండు పోయింది. పోయిందని రాస్తే నువ్వు నిద్రపోవని రాయలేదు. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను.

పక్క పాలెం వాళ్ళు వేట నుంచి వస్తూ మొగలో పసుపుగుడ్డ కట్టిన పసుపు పీపాను చూశారు. వేపకొమ్మ ఉంది, పక్కనే గుమ్మడికాయ తేలుతోంది. మాలో ఒక కట్టుబాటు ఉంది. గంగమ్మకని నీళ్ళలో వదిలింది తిరిగి ఒడ్డుకు రాకూడదు. వస్తే ఊరికి అరిష్టం. చూసినవాడు ఎవరైనా సరే, ఏ ఊరివాడైనా సరే, దాన్ని లోనీళ్ళకు లాక్కెళ్ళి వదిలిరావాలి. పాపం, వాళ్ళు ఆ పనే చేశారు. చేపలు పాడవుతున్నా లెక్కచేయకుండా రెండు పడవలు కట్టి మూడు గంటలు లాగారు. మళ్ళీ కొట్టుకు రాకూడదని, గాలపు వేటకు పోయే నీళ్ళడుగు రాతిపార దగ్గర, పదహారు బారల నీళ్ళలో, తమ సొంత లంగరు వేసి కట్టారు. కట్టి ఊరుకోక, అమ్మవారిని ఒట్టిగా వదలకూడదని కొత్త చీర కప్పి మరీ వచ్చారు!

ఆ చీర కింద ఎండ తగలక బెండు మూగబోయింది. నాలుగు రోజులకు గాలికి చీర జారిపోయాక నీకు మాట్లాడింది.

ఈ సంగతి తెలిసి కామాక్షయ్య తాతను తీసుకుని పక్క పాలెం వెళ్ళాను. నేను కోపంగానే వెళ్ళాను. అక్కడ రాఘవమ్మ అని పెద్దావిడ, చీర పెట్టిన మనిషి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మజ్జిగ ఇచ్చింది. “మీయమ్మ ఇచ్చింది, మేం పంపినాం. గంగమ్మకిచ్చింది ఎనక్కి తెచ్చుకుంటారా మే? తెస్తే రేపు ఎవురికేమైనా నువ్వు జవాబు చెప్తావా?” అంది. తాత నా వైపు చూసి, “ఆయమ్మ చెప్పేది నాయమే” అన్నాడు.

ఇంటికొచ్చి ఏడుస్తూ నువ్వు పంపిన అంకెలు ముందు పెట్టుకున్నాను. పెద్దమ్మా, ఆ వరస చూసేసరికి ఏడుపు ఆగిపోయింది. మొగలో ఉన్న ఎనిమిది రోజులూ పడవలోంచి నేను రాసుకున్న అంకెలు ఒకదానికొకటి పొంతన లేనివి. ఏటినీళ్ళు, ఇసుక, విరిగే అలలు, అన్నీ కలిసిన గందరగోళం. రాతిపార దగ్గర అలా కాదు. అక్కడ సముద్రం ఒక్కటే ఉంది, అది స్పష్టంగా మాట్లాడుతోంది. నెమ్మదిగా వచ్చే చిన్న అలలు అక్కడైతేనే దొరుకుతాయి. మొగలో పెట్టాలని ఇన్నాళ్ళూ నేను పట్టుబట్టింది తప్పు చోటు. ఆ సంగతి ఏ నగరమూ, ఏ కంపెనీ చెప్పలేదు. గుమ్మడికాయను చూసి భయపడిన నలుగురు మనుషులు దాన్ని సరైన చోట కట్టి వచ్చారు.

కానీ నీ నవంబరు ముప్పై గుర్తుంది. వానలు తగ్గాక, వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా తెస్తాను.

వనజ


పినాకినీపురం
నవంబరు 12

చిరంజీవి వనజకు,

కమిషనర్ గారికి బదిలీ అయింది. నీ బెండు ఆయన ముచ్చట, ఆయనతోనే పోయింది. కొత్త దొరగారు మంచి మనిషే, చాలా లెక్క మనిషి. మార్కెట్ మేడ పాతబడిందని కూల్చి కొత్త కాంప్లెక్సు కట్టాలని తీర్మానమైంది. సాంకేతిక నిలయం నెలాఖరుకు ఖాళీ చేయాలి. ప్రత్యామ్నాయం చూపిస్తామని ఒక వాక్యం ఉంది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట చోటు లేదన్నట్టుంది నీ పని. నోటీసు వచ్చి పదకొండు రోజులైంది, నీకు చెప్పడానికి మనసు రాక సొరుగులో పెట్టాను. చూశావా, దాచడంలో మనిద్దరం ఒకటే.

ముప్పై తేదీ లోపల బెండు తేకు. ఇదివరకైతే తెమ్మని నేనే అడిగేదాన్ని. నెల రోజులుగా రోజూ ఆ గీత ముందు కూర్చుంటున్నాను కదా, దాన్ని మళ్ళీ ఆ చెరువులో వేయడం నా వల్ల కాదు. అక్కడ సున్నా చూపిస్తూ కూర్చుంటుంది. భయం లేదని కాదు, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాను. అయినా తేకు.

ఎడం ఇవాళ ఏడు.

అబిగయీలు


ఉప్పుదిబ్బపాలెం
నవంబరు 20

పెద్దమ్మకు,

మొన్న పద్దెనిమిదిన జరిగింది నువ్వు సగమే విన్నావు. మిగతా సగం రాస్తాను.

నువ్వు ఫోన్ చేసినప్పుడు ఒంటిగంట కాలేదు. నేను దిబ్బ సగం ఎక్కాను. నువ్వు “పదిహేడు” అన్నావు. పలకరింపు కూడా లేదు. “పదిహేడే, వనజా, మూడుసార్లు చూశాను” అన్నావు. నేను సముద్రం వైపు చూశాను. ఎండ. గాలి లేదు. నీళ్ళు ఎంత మెత్తగా ఉన్నాయంటే, నాన్న పోయిన రోజే మళ్ళీ వచ్చిందనిపించింది. పదకొండు పడవలూ లోపల ఉన్నాయి.

కామాక్షయ్య తాత దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఏమీ అడగలేదు. తెడ్డు తీసుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగి, అడుగుకు ఆనించి, పిడికి చెవి పెట్టాడు. “ఉండాది మే” అన్నాడు. “కడుపులో మోత. శానా దూరం నించీ వస్తా ఉండాది.” ఆకాశంలోంచి నీకు వచ్చిన కబురూ, ఆ కర్రలోంచి ఆయనకు వచ్చిన కబురూ ఒకటే! నేను ఆ ముసలాయన పాదాలు పట్టుకున్నాను, నీళ్ళలోనే.

ఫోన్ అందిన పడవలు మూడు. వాళ్ళు మిగతావాళ్ళకు ఒకరి నుంచి ఒకరికి చెప్పుకుంటూ వచ్చారు. మూడు గంటలకు పది పడవలు గట్టెక్కాయి. పదకొండోది చిన్నాది. అందరికంటే లోపల ఉన్న పడవకు కబురు చెప్పడానికి వాడే పోయాడట. వాడు మొగ ఎదుటికి వచ్చేసరికి నాలుగు దాటింది. అప్పటికే నీళ్ళు వెనక్కి గుంజడం మొదలైంది.

అమ్మ గట్టు మీద ఉంది. వాడి చొక్కా రంగు కనపడుతోంది. ఇంటికి రెండు వందల గజాలు. ఏ మనిషైనా రావాలనే అనుకుంటాడు. తాత దిబ్బ ఎక్కి పంచె ఊడదీసి రెండు చేతులా ఊపుతూ, “రాబాక! లోనికి పో! లోనికి పో!” అని అరిచాడు. అమ్మ కూడా అరిచింది. కొడుకును ఇంటికి రావద్దని అరిచింది పెద్దమ్మా. పడవ ఒక్క క్షణం ఆగి, తిరిగి, లోపలికి పోయింది.

పావుగంటకు మొగ లేచింది. మా బడి కప్పంత ఎత్తున, తెల్లగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా. మళ్ళీ. మళ్ళీ. నేల అదిరింది. నేను సముద్రం ఒడ్డున పుట్టాను, అలల మీద చదువుకున్నాను, అంత పెద్దది ఎప్పుడూ చూడలేదు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పక్క పాలేనికి కూడా కబురు పంపాం, వాళ్ళ పడవలూ అన్నీ వచ్చేశాయి.

చిన్నా రాతిపార దగ్గర బెండు పక్కన లంగరు వేసుకున్నాడు. లోనీళ్ళలో భయం లేదు, పడవ లేచి దిగుతుందంతే. మర్నాడు పొద్దున్నే పోటు మీద ఇంటికొచ్చాడు. అమ్మ వాడికి అన్నం పెట్టి, వాడు తింటుంటే చూస్తూ, “మీ నాయనకి ఎవురన్నా పో అని చెప్పుంటే” అంది. నాన్న గురించి అమ్మ మనసు విప్పి మాట్లాడడం అదే మొదలు. ఆ సాయంత్రమంతా మాట్లాడుతూనే ఉంది.

వనజ


పినాకినీపురం
డిసెంబరు 1

చిరంజీవి వనజకు,

నిన్న రిటైరయ్యాను. శాలువా కప్పారు.

పొద్దున రిజిస్టరు ముందు పెట్టారు. మూడు వందల నలభై వస్తువులు. కుర్చీలు, బీరువాలు, చెత్తబండ్లు, అన్నీ చూపించాను. నీ బెండు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ‘మరమ్మతులో ఉంది’ అని రాస్తే ఇంకో ఆర్నెల్లు గడిచేది. ‘వస్తువు ఉన్న చోటు’ అనే గడిలో ‘బంగాళాఖాతం’ అని రాశాను. ‘స్థితి’ అనే గడిలో ‘పనిచేస్తున్నది’ అని రాశాను. చేతికి ఈసారి ఏమీ అంటినట్టు అనిపించలేదు.

దొరగారు పిలిచారు. మొదటి నుంచీ అంతా చెప్పాను, నా అబద్ధంతో సహా. ఆయన లేచి, “చూపించండమ్మా” అన్నారు. సగం సామాను కట్టేసిన నిలయంలోకి తీసుకెళ్ళాను. తెర ముందు ముక్కాలిపీట మీద కూర్చున్నారు. గీత లేచింది, దిగింది. ఆయన వాచీ చూసుకోలేదు. చాలాసేపటికి, “నలభై నాలుగు మందా?” అని అడిగారు. “పక్క పాలెంతో కలిపితే ఎనభై పైన సార్” అన్నాను. లేచి నిలబడ్డారు. “మీకు మెమో ఇవ్వక తప్పదమ్మా. ఆ వంతెన అవతల నాకు అధికారం లేదు” అన్నారు. ఆ మాట నా మీద కోపంతో అనలేదు.

విచారణ తేలేదాకా పెన్షన్ ఆగుతుంది. నవోమికి చెప్పేశాను. గంటసేపు తిట్టింది, తర్వాత బెండు ఫోటో చూపించమంది. బెండు తిరిగి అప్పగించమని మీ రెండు పాలేలకూ నగరపాలక సంస్థ నుంచి ఉత్తరం వస్తుంది. నీ కంపెనీ తెర, గొడుగు వ్యాన్‌లో పంపిస్తున్నాను. మీ పాలెంలో వాటికి గది ఉందా?

అబిగయీలు


ఉప్పుదిబ్బపాలెం
జనవరి 27

తడలో ఉన్న చిరంజీవి వనజకు,

నువ్వు ఉద్యోగానికి చేరిన కార్ఖానావాళ్ళు సాయంత్రాలు బల్ల వాడుకోనిస్తున్నారని, రెండో బెండు సగమైందని విన్నాను. వేళకు తిను. తెరతోపాటు మీ ఇంటికి వచ్చేశాక ఇక్కడ నాకేం లోటు లేదు. వలలు అల్లుకునే కొట్టంలో తెర పెట్టారు. మీ అమ్మా నేనూ వంతుల వారీగా చూస్తున్నాం. అయిదో తరగతి తర్వాత మళ్ళీ ఒకే గదిలో కూర్చోవడం ఇదే. ఎడం అంకె నాకంటే తనే ముందు చదువుతోంది.

నగరపాలక సంస్థ ఉత్తరానికి రెండు పాలేల పెద్దలూ కలిసి జవాబు రాయించారు. రాసింది నేనే, చెప్పింది రాఘవమ్మ. “గంగమ్మకు ఇచ్చినదాన్ని వెనక్కి తెచ్చే వాడుక మాకు లేదు. మీరే వచ్చి అడిగి తీసుకుపోదలిస్తే పడవ మేమే ఇస్తాము” అని. ఇంతవరకు ఎవరూ రాలేదు. నా విచారణ ఫిబ్రవరికి పడింది. ఏమవుతుందో తెలియదు, కాస్త దిగులుగానే ఉంది.

అసలు సంగతి రాయడానికి కూర్చున్నాను. ఇవాళ పొద్దున చిన్నా నన్ను పడవెక్కించుకుని రాతిపారకు తీసుకెళ్ళాడు. నేను ఎప్పుడూ పడవెక్కలేదు. మొగ దాటేటప్పుడు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ఒడ్డు సన్నబడి గీతయింది, తర్వాత అదీ పోయింది.

నీ బెండు చాలా చిన్నది వనజా. చెరువులో చూసినప్పుడు ఎంతో పెద్దదనుకున్నాను. అక్కడ, అన్ని నీళ్ళ మధ్య, పసుపు చుక్క. ఒక అల దాన్ని మెల్లగా ఎత్తి దించింది. అదే అల కాసేపటికి మా పడవ కిందికి వచ్చింది, నన్నూ ఎత్తి దించింది. ఇన్నాళ్ళూ గీతగా చూసింది ఇదా అనుకున్నాను. ముప్పై ఆరేళ్ళు ఏ వీధి ఎక్కడ ఆగుతుందో, ఏ వార్డు ఎక్కడ మొదలవుతుందో చూసిన మనిషిని. నాలుగు వైపులా తిరిగి చూశాను, ఎక్కడా ఏమీ ఆగలేదు. నా దిగులు ఉందో లేదో కూడా కాసేపు గుర్తు లేదు.

“పోదామా పెద్దమ్మా, ఎండెక్కతా ఉండాది” అన్నాడు చిన్నా.

“ఇంకాసేపు ఉండు నాయనా” అన్నాను.

పెద్దమ్మ
అబిగయీలు